రెండు గుమ్మాల మధ్య చుక్క

నా ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో ఒక్కరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఒక పెళ్ళిలో, ఏజెంట్లతో పని అని నోరు జారాను. మా మేనమామ వెంటనే కుర్చీ దగ్గరికి లాక్కుని, అయితే నా పాలసీ సంగతి కాస్త కనుక్కోవే అన్నాడు. ఆయన లెక్కలో ఏజెంట్ అంటే ఇన్సూరెన్స్ ఏజెంటే. నా ఏజెంట్లు కంప్యూటర్ తెర మీద తిరిగే చుక్కలు మావయ్యా అంటే మరీ జాలిగా చూశాడు. దీనికా నిన్ను ఇంజినీరింగ్ చదివించింది అన్నట్టు.

అవును, దీనికే. నోయిడాలో మా ఆఫీసు చేసే పని అది. ఎవరైనా పెద్ద కట్టడం కడుతుంటే, అందులోకి జనం ఎలా వస్తారు, ఎలా పోతారు, నిప్పంటుకుని పొగ కమ్మితే అందరూ బయటపడగలరా లేదా అని ముందే కంప్యూటర్లో కట్టి చూస్తాం. గోడలు గీస్తాం, గుమ్మాలు పెడతాం, మనుషుల్ని చుక్కలుగా వదులుతాం. ఒక్కో చుక్కకి కాస్త బుద్ధి పెడతాం. గోడ అడ్డొస్తే పక్కకి జరుగు, గుమ్మం కనిపిస్తే అటు నడువు, పక్కవాణ్ణి తొయ్యకు. అలాంటివి వేలకొద్దీ కలిశాక ఏం చేస్తాయన్నది మాత్రం మేం చెప్పం. అది వాటంతట అవే చేస్తాయి. చూస్తూ కూర్చోవడమే మా వంతు.

ఈ పనిలో మొదట తేల్చుకోవలసింది ఎంత ఎత్తు నుంచి చూడాలన్నది. బాగా పైకి వెళ్తే అసలు మనుషులే ఉండరు. జనమంతా నీళ్ళు, గుమ్మం ఒక తూము. తూము వెడల్పెంత, నీళ్ళెన్ని, అంతే లెక్క. కాస్త కిందికి దిగితే కుటుంబాలు కనిపిస్తాయి. ఒక్కో కుటుంబం ఒక్కో పెద్ద చుక్క. అది కలిసి నడుస్తుంది, కలిసి ఆగుతుంది, కలిసి బయటపడుతుంది. ఇంకా దిగితే ఎవరి చుక్క వాళ్ళది. తండ్రి వేరు, తల్లి వేరు, పిల్ల వేరు. ఎవరు ఎవరిని వెతుక్కుంటారు, ఎవరు ఎవరి కోసం ఆగుతారు, అన్నీ విడివిడిగా రాయాలి. కిందికి దిగినకొద్దీ కంప్యూటర్ మూలుగుతుంది, ఫలితం ఆలస్యమవుతుంది, మా బాసు గడియారం చూసుకుంటాడు. అందుకని పని జరిగే ఎత్తులో ఆగిపోతాం. ఇందులో మోసమేమీ లేదు. అన్నీ చూస్తానని కూర్చుంటే ఏ పనీ పూర్తవదు.

ఆ ఏడాది మా చేతికి వచ్చింది ఫరీదాబాద్ వైపు కట్టబోయే ఒక బస్ టెర్మినల్. పెద్ద హాలు, ఎదురెదురుగా రెండు గుమ్మాలు. మేం ఉండేదీ ఫరీదాబాద్‌లోనే. రేపు ఆ హాల్లో సంచులు పట్టుకుని నిలబడబోయేది మా సెక్టార్ వాళ్ళేనని కాస్త ప్రేమగానే మొదలుపెట్టాను.

సరిగ్గా అప్పుడే మా ఆయన కంపెనీ ఆయన్ని హైదరాబాద్ రమ్మంది. ఆ కబురు చెప్పి ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. ఇద్దరికీ ప్రాణం తేలికపడింది. తేలికపడిందని ఇద్దరికీ తెలిసిపోయింది కూడా. మా మధ్య గొడవలేం లేవు. గొడవపడే ఓపిక ఎప్పుడో పోయింది. గ్యాస్ బండ అయిపోయింది, గీజర్ బాగుచేయించాలి, సొసైటీ మీటింగుకి ఎవరు వెళ్తారు, ఈ మాటలతోనే ఏళ్ళు వెళ్ళిపోయాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌కి మేం ఒక ఫ్లాట్ నంబరు. ఎదురింటి ఆంటీకి చక్కటి ఫ్యామిలీ. అంత దూరం నుంచి చూస్తే నిజంగానే చక్కగా ఉండేవాళ్ళం. ఆయన చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఇక్కడ రాయకపోతే నాకు మనసొప్పదు. ఆయన అక్కడ, నేను ఇక్కడ, ఇక ఎవరిమానాన వాళ్ళం ఉందామని ఒక పొద్దున్న కాఫీ తాగుతూ అనేసుకున్నాం.

మిగిలింది మా అమ్మాయి. ఒక్కతే పిల్ల. పదో తరగతి పరీక్షలు రాసి ఉంది. పదకొండు ఇక్కడ చదువుతుందా, అక్కడ చదువుతుందా. అంటే నా దగ్గర ఉంటుందా, ఆయన దగ్గర ఉంటుందా. నాకు తను నా దగ్గరే ఉండాలి. దాచుకోవడానికేముంది, ఆ వేసవంతా నాకు కావలసింది అదొక్కటే. మెట్రోలో లేడీస్ కోచ్‌లో నిలబడి ఇంటికి వస్తూ, తనూ నేనూ మాత్రమే ఉండే ఇంటిని మనసులో సర్దుకునేదాన్ని. ఏ గదిలో ఏ బల్ల వెయ్యాలో కూడా అనుకున్నాను.

మా ఆయనా నేనూ ఒక ఒప్పందం చేసుకున్నాం. ఇద్దరిలో ఎవరూ తనని అడగకూడదు, లాగకూడదు, తన ముందు ఏడవకూడదు. తనే ఆలోచించుకుని చెప్తుంది. ఎంత సంస్కారవంతులమో అని మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం కూడా. పిల్లని కూర్చోబెట్టి, నీ ఇష్టం తల్లీ, నువ్వు ఎలా అంటే అలాగే, మాకేం బాధ లేదు అని చెప్పాం. అచ్ఛా అంది. కాసేపు గోళ్ళు చూసుకుని, ఠీక్ హై అని లేచి వెళ్ళిపోయింది.

వారాలు గడిచాయి తప్ప తను ఏమీ చెప్పలేదు. సాయంత్రం నేను రాగానే ఆయన గొంతు తగ్గించి, ఏమైనా చెప్పిందా అనేవారు. లేదు, మీతో ఏమైనా అందా అనేదాన్ని. లేదు. పిల్ల తిండి తగ్గింది. ఆయనతో కూర్చుని క్రికెట్ చూస్తే, ఆట కాగానే వచ్చి అంతసేపూ నా పక్కన కూర్చునేది. నాతో బజారుకొస్తే వాళ్ళ నాన్నకి ఏదో ఒకటి కొనిపించి తీరేది. నేను మురిసిపోయేదాన్ని, ఎంత సమంగా చూస్తోందో అని.

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. ఎప్పుడైనా తెలుగు మాట్లాడినా మనం, మేము రెండూ కలిపేస్తుంది. హిందీలో హమ్ ఒక్కటే కదా. ఎదుటివాళ్ళని కలుపుకున్నా హమ్మే, పక్కన పెట్టినా హమ్మే. చిన్నప్పుడు ఏలూరు నుంచి మా పెదనాన్న వస్తే, వడ్డించాక ఆయన చెయ్యి పట్టుకుని, రండి తాతయ్యా, మేము భోజనం చేసేద్దాం అంది. కూర్చోబోయిన మనిషి అలాగే ఆగి, మరి నేనేం చెయ్యనే, మీరు తింటుంటే చూస్తూ నిలబడనా అన్నాడు. ఆ మాట మా ఇంట్లో చాలాకాలం నవ్వులాటయింది. ఎవరికి వడ్డించినా, మేము తినేద్దామా అని ఆటపట్టించుకునేవాళ్ళం.

ఒక ఆదివారం పొద్దున్న పెసరట్లు వేస్తున్నాను. తను వంటగట్టు మీదెక్కి కూర్చుని అల్లప్పచ్చడి నాకుతోంది. ఉన్నట్టుండి తెలుగులో అడిగింది.

"మమ్మీ, హైదరాబాద్‌లో మనం ఎక్కడ ఉంటాం?"

అట్లకాడ చేతిలోనే ఉండిపోయింది. మనం అంది. మనం అంటే అందులో నేనూ ఉన్నాను. ముగ్గురం వెళ్తామనుకుంటోందా? అలా వెళ్దామని అడుగుతోందా? లేక మేము అనబోయి, ఎప్పటిలాగే తప్పు మాట అనేసిందా? అంటే నాన్నతో వెళ్ళడానికి లోపల నిశ్చయం చేసేసుకుని, ఆ ఇల్లు ఎక్కడో కనుక్కుంటోందా? నువ్వన్నది మనమా, మేమా అని నోటిదాకా వచ్చింది. అడిగితే ఒప్పందం తప్పినట్టు. అంతకంటే ముందు, భయమేసింది. చూద్దాంలే అన్నాను. ఈలోగా అట్టు మాడింది. వద్దన్నా వినకుండా ఆ మాడిన అట్టే తినేసి వెళ్ళిపోయింది.

ఆ వారమే ఆఫీసులో టెర్మినల్ మోడల్ పూర్తిగా నడిపాం. మధ్య ఎత్తులో, కుటుంబానికో చుక్క చొప్పున. పొగ పెట్టగానే అందరూ హాయిగా బయటపడ్డారు. బాసు మొహం వెలిగింది. నాకు మాత్రం కుదురు లేదు. ఇంట్లో ఉన్న దిగులో, పుట్టుకతో వచ్చిన మొండితనమో, కుటుంబాలని విడగొట్టి ఎవరి చుక్క వాళ్ళకిచ్చాను. నీ వాళ్ళకి దూరం కాకు అని ఒక్కొక్కదానికీ ఒక నియమం పెట్టాను. మళ్ళీ వదిలాను.

చాలామంది వెళ్ళిపోయారు. హాలంతా ఖాళీ అయ్యాక నట్టనడుమ ఒక్క చుక్క మిగిలింది. జనం తోపులాటలో దాని తల్లి ఒక గుమ్మానికీ, తండ్రి ఎదుటి గుమ్మానికీ కొట్టుకుపోయి, పిల్ల కోసం అక్కడే ఆగి ఉన్నారు. ఈ చుక్క అటు నాలుగడుగులు వేస్తుంది. ఇటువాళ్ళకి దూరమవుతోందని వెనక్కి తిరుగుతుంది. ఇటు నాలుగడుగులు, మళ్ళీ వెనక్కి. చివరికి ఆ అడుగులు కూడా పోయి, ఉన్నచోటనే వణకడం మొదలుపెట్టింది. బూడిద రంగు పొగ దాని మీదుగా వెళ్ళిపోయింది. నేను తెర ఆపేసి మంచినీళ్ళు తాగాను.

బాసు వచ్చి చూసి, బగ్ అన్నాడు. ఢిల్లీ మనిషి, మంచివాడే, పని త్వరగా తెమలాలి ఆయనకి. కుటుంబాన్ని ఒకే చుక్కగా ఉంచితే ఈ గోలే ఉండదు కదా, ముందొచ్చిన ఫలితమే పంపేద్దాం అన్నాడు. నిజమే, ఆ ఎత్తు నుంచి చూస్తే ఈ చుక్క ఉండనే ఉండదు. ఒక కుటుంబం ఒక గుమ్మంలోంచి క్షేమంగా బయటికి వెళ్ళినట్టే కనిపిస్తుంది.

"కట్టేవాళ్ళకి ఫ్యామిలీ చాలు మేడమ్," అన్నాడు హిందీలో. "లోపల ఎవరు ఎటు చూస్తున్నారో వాళ్ళకెందుకు?"

నాకు ఒళ్ళు మండింది. పొగ ఫ్యామిలీకి పట్టదు సార్, ఒక్కొక్కరి ముక్కుల్లోకి పోతుంది అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, చుట్టుపక్కల తలలు ఇటు తిరిగాయి. ఆయన తగ్గి, సరే, ఆ చుక్క ఎందుకు ఆగిపోతోందో కనిపెట్టండి, అప్పుడు మాట్లాడదాం అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం మా ఆయన సూట్‌కేసు కొనుక్కోవడానికి కరోల్ బాగ్ బజారుకి వెళ్ళాం. ముగ్గురూ వెళ్ళాల్సిన పని కాదది. పిల్లే ఇద్దరినీ బయల్దేరదీసింది. అక్కడ ఆదివారం జనం సంగతి చెప్పక్కర్లేదు. మా ఆయన ఎప్పుడూ ముందు నడుస్తారు, వెనక్కి చూసే అలవాటు లేదు. నాకు ప్రతి బండి దగ్గరా ఆగి రేటు అడగాలి, కొన్నా కొనకపోయినా. పెళ్ళయినప్పటి నుంచీ ఇంతే. మధ్యలో పిల్ల. వాళ్ళ నాన్న వెనక నాలుగడుగులు వేస్తుంది, తిరిగి నన్ను చూస్తుంది, నిలబడుతుంది, నా కోసం వెనక్కి వస్తుంది. ఈలోగా ఆయన తల కనపడదు, మళ్ళీ అటు పరిగెడుతుంది. వచ్చేపోయే జనం భుజాలతో తోసుకుపోతున్నారు. ఒక ఈ-రిక్షా అతను తన ముందు బండి ఆపాల్సొచ్చి విసుక్కున్నాడు.

"దీదీ, జానా కిధర్ హై?"

"పతా నహీ, భయ్యా," అంది మా అమ్మాయి. ఎటు వెళ్ళాలో తనకే తెలియదట.

చేతిలో ఏదో దుపట్టా ఉంది నాకు. దాన్ని బండి మీద పడేసి అలా చూస్తూ ఉండిపోయాను. ఈ నడక నేను ఎన్నేళ్ళుగా చూడలేదో! ఎవరడిగినా, ముగ్గురం సరదాగా బజారుకి వెళ్ళొచ్చాం అని చెప్పేదాన్ని. అందులో పిల్ల పడే ఈ పాట్లు ఉండేవి కావు. అంత చిన్న వయసు నుంచీ మా ఇద్దరి మధ్యా తాడులాగా సాగుతూ వచ్చింది. దాన్నే నేను సమంగా చూస్తోందని మురిసిపోయాను.  సూట్‌కేసు మాత్రం నీలం రంగుది కొన్నాం, చక్రాలు బాగున్నాయి.

మర్నాడు ఆఫీసులో ఆ చుక్క ముందే కూర్చున్నాను. దానికి చూపు పెంచాను, నడక వేగం పెంచాను. ఏం చేసినా కదల్లేదు. పక్క సీటమ్మాయి, ఏదో ఒక గుమ్మం బొమ్మా బొరుసూ వేసి దానికే తేల్చెయ్యండి అంది. అలా తేలిస్తే బయల్దేరింది కానీ, సగం దూరం పోయి వెనక్కి వచ్చేసింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆ చుక్కకి తెలివి తక్కువై కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. ఇద్దరికీ దూరం కాకు అని చెప్పింది నేనే. అలా చెప్పి, ఇక నీ ఇష్టం, ఏ గుమ్మమో నువ్వే చూసుకో అంటే అదేం చేస్తుంది?

తల్లి చుక్క చేత, ఇటు వచ్చెయ్ అని పిలిపించి చూశాను. నాకు తెలియకుండానే ముందు అదే రాశాను. పిల్ల చుక్క తల్లి వైపు గబగబా వచ్చి, అవతల తండ్రి ఇంకా నిలబడే ఉన్నాడని ఆగిపోయి, మళ్ళీ వణికింది. ఇక మిగిలింది ఒకటే. నా కోసం చూడకు, అటు వెళ్ళు అని చెప్పి తల్లి తన గుమ్మంలోంచి తను బయటికి వెళ్ళిపోయేలా రాశాను. పిల్ల చుక్క ఒక్క క్షణం నిలబడి, తిన్నగా నడిచి బయటపడింది. తల్లే ఎందుకు, తండ్రి చెప్పినా అంతే కదా అంది పక్కమ్మాయి. అంతే అన్నాను.

బాసు ఒప్పుకున్నాడు. మీ వాళ్ళ కోసం హాల్లో వెతకవద్దు, దగ్గరున్న గుమ్మంలోంచి బయటికి వెళ్ళండి, అందరూ బయట కలుస్తారు అని టెర్మినల్ మైకుల్లో చెప్పించాలని మా రిపోర్టులో రాశాం. కట్టేవాళ్ళు సరేనన్నారు. ఆఫీసులో నా పేరు కాస్త మోగింది ఆ రోజు.

మెట్రోలో ఇంటికి వస్తూ ఆలోచించాను. ఆ మాట ఆయన చేత చెప్పించవచ్చు. నువ్వు అమ్మ దగ్గర ఉండు అని ఆయన వదిలేస్తే పిల్ల నాకు దక్కుతుంది. అడిగితే బహుశా చెప్పేవారు కూడా, అంత మంచితనం ఉంది ఆయనలో. కానీ ఆ పెసరట్ల రోజు తను మనం అన్నా, మేము అనబోయినా, ఇల్లు మాత్రం హైదరాబాద్‌లోదే. ఫరీదాబాద్‌లో ఎలా ఉంటాం అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ముక్క ఇన్నాళ్ళూ నాకు తట్టలేదా? తట్టింది. తట్టినా పక్కన పెట్టుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. ఆయన రాలేదు. పిల్ల బాల్కనీలో ఆరిన బట్టలు తీసి ముందేసుకుని కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చుని మడతలు పెట్టడం మొదలుపెట్టాను. ఆయన చొక్కాలు ఒక దొంతర, నా చీరలు ఒక దొంతర. గొంతు సవరించుకుంటే అనుమానం వస్తుందని సవరించుకోలేదు.

"నువ్వు నాన్నతో వెళ్ళమ్మా. అక్కడే చదువుకో," అన్నాను.

తన చేతులు ఆగిపోయాయి. నా మొహం చూసింది, కోపంతో అన్నానేమోనని వెతుకుతున్నట్టు.

"మరి నువ్వు?"

"నాకేం. ఇక్కడ ఉద్యోగం ఉంది, ఇల్లుంది. సెలవులకి వస్తావుగా."

"పక్కా?"

"పక్కా."

పిల్ల భుజాలు కిందికి దిగాయి. అవి అంతగా బిగుసుకుని ఉన్నాయని దిగాకే తెలిసింది నాకు. ఊపిరి గట్టిగా వదిలి, ఒళ్ళో ఉన్న బట్టలు పక్కన పెట్టి, నా మెడ చుట్టూ చేతులేసింది. చెవి దగ్గర చాలా మెల్లిగా అంది.

"థాంక్యూ మమ్మీ."

మా వైపు అమ్మకి ఎవరూ థాంక్స్ చెప్పరు. నేను మా అమ్మకి చెప్పలేదు, ఆవిడ వాళ్ళమ్మకి చెప్పలేదు. తలుపు తీసి పట్టుకున్నవాళ్ళకి చెప్తాం, చిల్లర ఇచ్చినవాళ్ళకి చెప్తాం. పదిహేనేళ్ళు పెంచిన పిల్ల నోట ఆ మాట వింటే మనసు చివుక్కుమంది. మళ్ళీ ఆ వెంటనే, ఎంత కష్టపడి ఉంటే పిల్ల ఆ మాట అంటుంది అని ఏడుపు ముంచుకొచ్చింది. తన భుజం మీద గడ్డం ఆనించి ఆపుకున్నాను.

తను లేచి లోపలికి పరిగెత్తి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. గది తలుపు వెయ్యలేదు. స్కూల్ ఎక్కడ, ఇంటికి దగ్గరేనా, నా గదికి కిటికీ ఉంటుందా అని హిందీలో గలగలా అడుగుతోంది. ఎన్ని నెలలైందో ఆ గొంతు అంత గట్టిగా విని. నేను బాల్కనీలో చీరలు మడతపెడుతూ అంతా విన్నాను.

వెళ్ళమన్నది నేనే. మనస్ఫూర్తిగానే అన్నాను, ఇప్పుడైనా అదే అంటాను. కానీ ఆ మాట నా నోట్లోంచి వచ్చిన దగ్గర్నుంచి తను ఫోన్ పెట్టేసేదాకా, ఒక్కసారి, మాటవరసకైనా, నేను వెళ్ళను మమ్మీ అంటుందేమోనని చూశాను. అనలేదు.